ఎక్స్ క్రోమోజోములో ఒక అదనపు ప్రతి: మెక్‌పి-2 ద్విగుణీకరణ రుగ్మత – గోదావరి డెల్టా బంధుత్వ వ్యవస్థ

వ్యాససంగ్రహం

ఎక్స్ క్రోమోజోము చివరి భాగంలోని ఒక చిన్న ఖండం రెట్టింపు కావడం వల్ల, ప్రధానంగా మగపిల్లల్లో కలిగే అరుదైన నాడీవికాస రుగ్మతను మెక్‌పి-2 ద్విగుణీకరణ రుగ్మత అంటారు. ఇది ఎక్కువగా తల్లి ద్వారా సంక్రమిస్తుంది. ఇంటిపేరును అనుసరించి రాసుకొనే వంశవృక్షంలో ఈ సంక్రమణమార్గం కనబడదు. తెలుగు బంధుత్వ పదాలు కొన్నిచోట్ల ఈ మార్గాన్ని చూపిస్తాయి, కొన్నిచోట్ల మరుగుపరుస్తాయి. రుగ్మత స్వరూపాన్ని, సంక్రమణ రీతిని, మేనరికంతో దానికి గల సంబంధాన్ని, నిర్ధారణ మార్గాలను గోదావరి డెల్టా కుటుంబ వ్యవస్థ నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎక్స్ క్రోమోజోము, మెక్‌పి-2, ద్విగుణీకరణం, వాహకురాలు, మేనరికం, బంధుత్వ పదాలు, ఇంటిపేరు, హాల్డేన్, ద్రోణంరాజు కృష్ణారావు.

1. ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాలో పుట్టిన బిడ్డ మెడ నిలపకపోయినా, మాట రాకపోయినా, ఏడాదిలో పలుమార్లు నిమోనియాతో ఆసుపత్రి పాలైనా కుటుంబంలో రెండు వివరణలు ముందుగా వినిపిస్తాయి. పెళ్ళి మేనరికమైతే తప్పు మేనరికానిది. బయటి సంబంధమైతే తప్పు కోడలిది. మొదటి వివరణకు కొన్ని వ్యాధుల విషయంలో శాస్త్రీయమైన ఆధారం ఉంది. రెండో వివరణ నింద మాత్రమే. ఎక్స్ క్రోమోజోము ద్వారా సంక్రమించే రుగ్మతల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ నిలవవు. బిడ్డకు జన్యుఖండం అందినది తల్లి నుంచే అయినా, దానిని తల్లి తప్పుగా చెప్పడానికి శాస్త్రంలో చోటు లేదు. ఈ భేదం తెలియకపోతే నష్టపోయేది ఒక్క తల్లి కాదు. ఆమె అక్కచెల్లెళ్ళు, వారి కూతుళ్ళు సకాలంలో పరీక్ష చేయించుకొనే అవకాశాన్ని కోల్పోతారు. అందువల్ల దీనిని వైద్యశాస్త్ర విషయంగానే కాక, బంధుత్వ వ్యవస్థకూ భాషకూ సంబంధించిన విషయంగా కూడా పరిశీలించవలసి ఉంది.

2. ఎక్స్ క్రోమోజోము అధ్యయనం – గోదావరి ప్రాంత సంబంధం

మెక్‌పి-2 జన్యువు ఎక్స్ క్రోమోజోము పొడవు భుజం కొసన, ఎక్స్ క్యూ 28 అనే పట్టీలో ఉంటుంది. హీమోఫీలియా-ఎ అనే రక్తస్రావ వ్యాధికి కారణమయ్యే జన్యువూ, ఎరుపు ఆకుపచ్చ రంగులను గుర్తింపజేసే జన్యువులూ ఈ పట్టీలోనే ఉన్నాయి. ఈ ఇరుగుపొరుగు సంబంధాన్ని పట్టీ పేరైనా లేని కాలంలో గణితంతో సూచించినవారు జూలియా బెల్, జె.బి.ఎస్. హాల్డేన్. హీమోఫీలియా, వర్ణాంధత్వం ఒకే కుటుంబాల్లో కలిసి సంక్రమించే తీరును లెక్కగట్టి 1937లో వారు ప్రచురించిన వ్యాసం మానవ జన్యుశాస్త్రంలో ఒక మైలురాయి.

హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ ఆయన వద్ద పరిశోధన చేసినవారిలో పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. చెవి డొప్పపై వెంట్రుకలు పెరిగే లక్షణం తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే తీరును ద్రోణంరాజు వంశవృక్షాల ఆధారంగా పరిశీలించి 1960లో ప్రకటించారు. ఆ లక్షణం వై క్రోమోజోముపైనే ఉందన్న నిర్ణయాన్ని 2004లో వెలువడిన అణుజన్యు పరిశోధన సమర్థించలేదు. అయినా వంశవృక్షాన్ని శాస్త్రీయ సాధనంగా ఉపయోగించిన తెలుగు ప్రాంత పరిశోధనల్లో దానికి స్థానం ఉంది. మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధీకుల వివాహాల తరచుదనం, వాటి ఫలితాలపై ద్రోణంరాజు రాసిన వ్యాసం 1963లో వెలువడింది. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించారు. ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని వైద్యవిద్య కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఎక్స్ క్రోమోజోము కొసను తొలిసారి లెక్కలకెక్కించిన శాస్త్రజ్ఞుని దేహం గోదావరి ప్రాంత విద్యార్థులకు పాఠమైందన్న విషయం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

3. మోతాదు సూత్రం

మెక్‌పి-2 ప్రోటీనును 1992లో ఏడ్రియన్ బర్డ్ బృందం గుర్తించింది. మిథైల్ గుర్తులున్న డి.ఎన్.ఎ. భాగాలను పట్టుకొని ఇతర జన్యువుల పనిని అదుపుచేయడం దీని ప్రధాన విధి. నాడీకణాల్లో దీని అవసరం చాలా ఎక్కువ. ఈ జన్యువు చెడిపోవడమే, ఎక్కువగా ఆడపిల్లల్లో కనిపించే రెట్ సిండ్రోముకు కారణమని హుదా జోగ్బీ బృందం 1999లో నిరూపించింది. ఆపైన వచ్చిన ప్రశ్న: ఈ ప్రోటీను లోపించడం కీడైతే, ఎక్కువ కావడం మేలా? 2004లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు ఎక్కువైనా నాడీవ్యవస్థ దెబ్బతింటుందని చూపాయి. 2005లో బెల్జియంకు చెందిన హిల్డే వాన్ ఎష్ బృందం, తీవ్రమైన మేధావైకల్యం ఉన్న మగవారి కుటుంబాల్లో ఈ జన్యుఖండం రెట్టింపై ఉందని వెల్లడించింది. 1999లోనే హెర్బర్ట్ లబ్స్ బృందం వర్ణించిన ఒక కుటుంబంలోని రుగ్మతకు కూడా మూలం ఇదేనని తరువాత తేలింది.

డెల్టా రైతుకు ఈ సూత్రం కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువల్లోకి వదిలే నీరు తక్కువైతే చేలు బీటలు వారతాయి, ఎక్కువైతే నాట్లు మునుగుతాయి. రెండు సందర్భాల్లోనూ నీరు నీరే, దాని గుణంలో లోపం లేదు. కొలతే మారింది. మెక్‌పి-2 ద్విగుణీకరణంలోనూ ప్రోటీను స్వరూపం సక్రమంగానే ఉంటుంది, పరిమాణం మాత్రమే మితిమీరుతుంది.

4. ప్రతి రెట్టింపయ్యే తీరు

రాతప్రతులను పరిష్కరించే పరిశోధకులకు లేఖకుల పొరపాట్లు సుపరిచితాలు. ఒకే పదంతో మొదలయ్యే రెండు పంక్తులు దగ్గరగా ఉంటే లేఖకుని చూపు వెనక్కు జారి, ఒకసారి రాసిన పంక్తిని మళ్ళీ రాస్తాడు. రాసిన ప్రతి అక్షరమూ సరైనదే అయినా ప్రతి మాత్రం తప్పవుతుంది. కణంలో డి.ఎన్.ఎ. ప్రతి తయారయ్యేటప్పుడు ఇటువంటిదే జరుగుతుంది. నకలు తీసే యంత్రాంగం ఒకచోట ఆగి, పోలికలున్న మరోచోటికి జారి, అప్పటికే రాసిన భాగాన్ని తిరిగి రాస్తుంది. రెట్టింపైన ఖండం పొడవు కుటుంబాన్ని బట్టి మారుతుంది. కొన్ని లక్షల క్షారజంటల నుంచి కొన్ని పదుల లక్షల వరకు ఉండవచ్చు. మెక్‌పి-2తో పాటు పక్కనున్న ఐరాక్-1 వంటి జన్యువులు కూడా సాధారణంగా ఇందులో చేరతాయి.

ఎక్స్ క్రోమోజోములో ఖండం రెట్టింపు కావడమన్నది జన్యుశాస్త్రానికి చాలాకాలంగా తెలిసిన విషయమే. పండ్ల ఈగ కన్ను సన్నని పట్టీలా మారడానికి ఎక్స్ క్రోమోజోములోని ఒక ఖండం రెట్టింపు కావడమే మూలమని 1936లో బ్రిడ్జెస్, ముల్లర్ వేర్వేరుగా చూపారు.

5. లక్షణాలు

ఈ రుగ్మత ఉన్న మగశిశువు పుట్టినప్పుడు ప్రత్యేకమైన తేడా కనిపించకపోవచ్చు. తొలి నెలల్లో కండరాల బిగువు తక్కువగా ఉంటుంది. పాలు తాగడం, మింగడం కష్టమవుతాయి. కూర్చోవడం, నడవడం ఆలస్యమవుతాయి. కొందరు నడక నేర్చుకోరు. మాట చాలామందికి రాదు, వచ్చినవారిలో కొందరు దానిని తరువాత కోల్పోతారు. మేధావైకల్యం సాధారణంగా తీవ్రంగా ఉంటుంది. వయస్సు పెరిగేకొద్దీ కాళ్ళు బిగుసుకుపోతాయి. దాదాపు సగం మందిలో మూర్ఛలు వస్తాయి, వాటిని మందులతో అదుపుచేయడం తరచు కష్టమవుతుంది. మలబద్ధకం సాధారణం. నూటికి 75 మందిలో శ్వాసకోశ అంటువ్యాధులు పదేపదే వస్తాయి. ప్రాణాపాయానికి ముఖ్యకారణం ఇదే. బాధితుల్లో దాదాపు సగం మంది 25 ఏళ్ళలోపే మరణిస్తున్నారని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం లక్ష మగ జననాలకు సుమారు 1 చొప్పున ఈ రుగ్మతను లెక్కించింది.

మెదడు ఎదుగుదల లోపం, పదేపదే వచ్చే నిమోనియా ఒకే బాలునిలో కనిపించడం ఈ రుగ్మతను అనుమానించడానికి బలమైన సూచన. ఈ రెంటినీ వేర్వేరు జబ్బులుగా వేర్వేరు వైద్యులకు చూపినప్పుడు సూచన చేజారిపోతుంది.

6. సంక్రమణ రీతి

స్త్రీలో రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషునిలో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. స్త్రీ కణాల్లో ప్రతిదానిలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రాణమవుతుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. ద్విగుణీకరణం ఉన్న స్త్రీలలో సాధారణంగా ఆ లోపం గల ఎక్స్ అత్యధిక కణాల్లో నిద్రాణమై ఉంటుంది. అందువల్ల ఆమె ఆరోగ్యంగా కనిపిస్తుంది. కొందరిలో మాత్రం ఆందోళన, కుంగుబాటు వంటి మానసిక లక్షణాలుంటాయి. ఈ రక్షణ పనిచేయని కొద్దిమంది ఆడపిల్లల్లో రుగ్మత లక్షణాలు బయటపడతాయి. మగబిడ్డకు ఉన్నది ఒకే ఎక్స్ కాబట్టి అతనికి ఆ రక్షణ లేదు.

వాహకురాలైన తల్లికి కలిగే ప్రతి కాన్పులోనూ నాలుగు అవకాశాలు సమానంగా ఉంటాయి: రుగ్మత గల కొడుకు, ఆరోగ్యవంతుడైన కొడుకు, వాహకురాలైన కూతురు, వాహకురాలు కాని కూతురు. మొదటి బిడ్డకు వచ్చినంత మాత్రాన రెండో బిడ్డకు రాదన్న నమ్మకానికి గాని, తప్పక వస్తుందన్న భయానికి గాని ఆధారం లేదు.

తండ్రి కొడుకుకు ఇచ్చేది వై క్రోమోజోము. అందువల్ల కొడుకులోని ఎక్స్‌కు తండ్రితో సంబంధం లేదు. అయితే తల్లిలోని ద్విగుణీకరణం ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం ఎప్పుడూ అమ్మమ్మే కానక్కరలేదు. తాతగారి వీర్యకణం ఏర్పడేటప్పుడు నకలు పొరపాటు జరిగి, ఆ ఖండం కూతురికి చేరి ఉండవచ్చు. అంటే కోడలు తెచ్చిందనుకొనే రుగ్మతకు తొలి ఘటన ఏ లక్షణమూ లేని ఒక పురుషునిలో జరిగి ఉండవచ్చు. ఎవరి ప్రవర్తన వల్లనో, ఆహారం వల్లనో, గ్రహణ సమయంలో చేసిన పని వల్లనో అది జరగదు.

7. ఇంటిపేరు, వరసలు, వంశవృక్షం

తెలుగువారి వంశవృక్షం ఇంటిపేరును పట్టుకొని నడుస్తుంది. వై క్రోమోజోమూ సరిగ్గా అదే దారిలో నడుస్తుంది. ఎక్స్ మాత్రం కూతురితో పాటు మెట్టినింటికి పోయి, అక్కడి ఇంటిపేరు కింద దాగుతుంది. ఒక బాలునికి ఈ రుగ్మత ఉంటే, అమ్మమ్మ కూడా వాహకురాలైనపుడు, ప్రమాదపరిధిలోకి వచ్చే పురుషులు వీరు: అతని సోదరులు, మేనమామలు, అమ్మ అక్కచెల్లెళ్ళ కొడుకులు, అమ్మమ్మ అన్నదమ్ములు. వీరిలో అతని ఇంటిపేరు ఉండేది సోదరులకు మాత్రమే. మేనమామది తల్లి పుట్టింటి పేరు. పిన్ని కొడుకుది పిన్ని మెట్టినింటి పేరు. అమ్మమ్మ అన్నదమ్ములది అమ్మమ్మ పుట్టింటి పేరు. అమలాపురంలో ఒక బాలుడు, భీమవరంలో ఒక పిన్ని కొడుకు, మూడు దశాబ్దాల కిందట పసితనంలో పోయిన ఒక మేనమామ ఒకే రుగ్మతకు గురై ఉన్నా, మూడు ఇంటిపేర్ల కింద అవి మూడు వేర్వేరు దురదృష్టాలుగా మిగిలిపోతాయి.

వరసల పేర్లు ఈ చిక్కును మరింత పెంచుతాయి. తెలుగులో అమ్మ చెల్లెలు పిన్ని, బాబాయి భార్యా పిన్నే. అమ్మ అక్క పెద్దమ్మ, పెదనాన్న భార్యా పెద్దమ్మే. వీరందరి కొడుకులూ అన్నదమ్ముల వరసే. జన్యుశాస్త్రం దృష్టిలో మాత్రం వీరు రెండు తెగలు. అమ్మ తోడబుట్టిన పిన్ని కొడుకు ప్రమాదపరిధిలో ఉంటాడు. బాబాయి భార్య అయిన పిన్ని కొడుకుకు ఈ బాలుని రుగ్మతతో సంబంధం ఉండదు. ‘మీ పిన్ని కొడుకుకు ఇలాంటి జబ్బు ఉందా?’ అని అడిగిన వైద్యునికి ‘ఉంది’ అన్న సమాధానం వస్తే, ఏ పిన్ని అన్న రెండో ప్రశ్న తప్పనిసరి. మామయ్య అన్న పిలుపూ ఇటువంటిదే. మేనమామ, మేనత్త భర్త, పిల్లనిచ్చిన మామ ముగ్గురూ ఆ పిలుపులో ఒదుగుతారు. వీరిలో ఈ రుగ్మత విషయంలో అడగవలసినది మేనమామ గురించే.

మరో వైపు బావ వరసలో స్పష్టత ఉంది. బయటి సంబంధాలు చేసుకొన్న కుటుంబంలో మేనత్త కొడుకు తండ్రి వైపువాడు. మేనమామ కొడుకు ఆరోగ్యవంతుడైన పురుషుని సంతానం. ఇద్దరికీ ఈ మార్గంలో ఎక్స్ చేరదు. కనుక వంశవృక్షం గీసేటప్పుడు పిలుపులను కాక, ఎవరు ఎవరి కడుపున పుట్టారన్నదాన్ని అనుసరించాలి.

8. మేనరికం – అపోహ, వాస్తవం

అక్క కూతుర్ని చేసుకోవడం, మేనమామ కూతుర్ని లేదా మేనత్త కూతుర్ని చేసుకోవడం డెల్టాలో చిరకాలంగా ఉన్న ఆచారాలు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం గల ప్రతి అందితేనే బయటపడే అంతర్గత జన్యువ్యాధుల విషయంలో ఈ పెళ్ళిళ్ళు ప్రమాదాన్ని పెంచుతాయి. ఒకే పూర్వీకుని జన్యువు రెండు ప్రతులుగా బిడ్డకు చేరే సంభావ్యత మేనమామ–మేనకోడలి సంతానంలో ఎనిమిదింట ఒకటి, మేనత్త మేనమామ పిల్లల సంతానంలో పదహారింట ఒకటి. మేనరికంపై వైద్యులు చేసే హెచ్చరికకు ఇదే ఆధారం. ఆ హెచ్చరిక సరైనదే.

మెక్‌పి-2 ద్విగుణీకరణం ఆ కోవకు చెందదు. వాహకురాలైన యువతి తన మేనమామను పెళ్ళాడినదనుకుందాం. అతడు ఆరోగ్యవంతుడు కాబట్టి అతని ఏకైక ఎక్స్‌లో ద్విగుణీకరణం లేదు. ఆమె కొడుకుకు రుగ్మత వచ్చే అవకాశం సగం. ఆమె పరాయి జిల్లా యువకుణ్ణి పెళ్ళాడినా ఆ అవకాశం సగమే. కాబట్టి మేనరికం ఈ రుగ్మతను తెచ్చిపెట్టదు, బయటి సంబంధం దీనిని తప్పించదు.

మరి మేనరికపు కుటుంబాల్లోనే ఇటువంటి బిడ్డలు ఎక్కువన్న భావన ఎందుకు కలుగుతుంది? వాహకురాళ్ళు అదే బంధువర్గంలో కోడళ్ళైనపుడు బాధిత బాలురు ఒకే ఇంటిపేరు చుట్టూ కనిపిస్తారు. బయటి సంబంధాలైతే వారు వేర్వేరు ఊళ్ళలో చెదిరిపోతారు. సంఖ్య మారకపోయినా, కనిపించే తీరు మారుతుంది. మేనరికం మరొక చిక్కును కూడా తెస్తుంది. అక్క కూతుర్ని చేసుకొన్న ఇంట్లో బిడ్డకు అమ్మమ్మే మేనత్త కూడా అవుతుంది. ‘జబ్బు తల్లి వైపుదా, తండ్రి వైపుదా?’ అన్న ప్రశ్నకు ఆ ఇంట్లో రెండూ నిజమైన సమాధానాలే. వంశవృక్షాన్ని గీయకుండా నోటిమాటగా వివరాలు సేకరిస్తే ఇక్కడే పొరపడతారు.

9. నిర్ధారణ, చట్టం, సేవలు

సాధారణ క్రోమోజోముల పరీక్షలో ఈ ద్విగుణీకరణం తరచు కనబడదు. సూక్ష్మదర్శినికి అందేంత పెద్ద ఖండం కాకపోవడం దీనికి కారణం. ఆ పరీక్ష ఫలితం సక్రమమని వచ్చినంత మాత్రాన అన్వేషణ ఆపకూడదు. క్రోమోజోమల్ మైక్రోఅర్రే, ఎం.ఎల్.పి.ఎ. అనే పరీక్షలు ఖండాల ప్రతుల సంఖ్యను లెక్కించి దీనిని పట్టిస్తాయి. బాలునిలో నిర్ధారణ అయిన తరువాత తల్లిని, ఆపైన అవసరాన్ని బట్టి ఆమె అక్కచెల్లెళ్ళను, పెళ్ళీడుకొచ్చిన కూతుళ్ళను జన్యుసలహాతో పాటు పరీక్షించాలి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం, 2021 ప్రకారం గుర్తింపు పొందిన విశిష్ట కేంద్రాల్లో హైదరాబాదులోని సెంటర్ ఫర్ డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కలిసి ఒకటిగా ఉన్నాయి.

గర్భస్థ శిశువు లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం, క్రోమోజోము లోపాల కోసం, లింగసంబంధిత జన్యువ్యాధుల కోసం నమోదైన కేంద్రాల్లో నిబంధనలకు లోబడి గర్భస్థ పరీక్షలను అనుమతిస్తుంది. ఈ విషయం తెలియక, పరీక్ష అడగడమే నేరమని భయపడే కుటుంబాలకు ఈ మినహాయింపును వివరించాలి. ఫలితం తెలిసిన తరువాత నిర్ణయం దంపతులది. జన్యుసలహాదారు పని సమాచారమివ్వడం వరకే.

రుగ్మతను మూలంతో సహా తొలగించే ఆమోదిత చికిత్స లేదు. 2015లో జోగ్బీ బృందం, అదనపు ప్రోటీను తయారీని తగ్గించే యాంటీసెన్స్ అణువులతో వయస్సు వచ్చిన ఎలుకల్లో లక్షణాలను వెనక్కు మళ్ళించగలిగింది. ఆ దారిలో మానవులపై తొలిదశ పరీక్షలు ఇటీవలి సంవత్సరాల్లో మొదలయ్యాయి. అంతవరకు వ్యాయామచికిత్స, మింగడంలో సహాయం, మూర్ఛల అదుపు, టీకాలు, జ్వరం వచ్చిన వెంటనే వైద్యం, ఇవే బిడ్డ ఆయుష్షును నిలిపేవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మేధావైకల్యం, బహుళ వైకల్యం ఉన్నాయి. ఆ ధ్రువపత్రం, మండలాల్లోని భవిత కేంద్రాలు, లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు భరించే నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా కుటుంబానికి కొంత ఆసరా.

10. పరిభాష సమస్య

జన్యువ్యాధుల గురించి తెలుగులో రాసేటప్పుడు పదం ఎంపికే వైఖరిని నిర్ణయిస్తుంది. ‘దోషం’ అనగానే జాతకదోషం, శాపం స్ఫురిస్తాయి. ‘వంశపారంపర్యం’ అనగానే ఇంటిపేరు స్ఫురించి, ఎక్స్ నడిచే దారి మరుగున పడుతుంది. ద్విగుణీకరణం శాస్త్రీయంగా సరైన పదమే అయినా సామాన్యునికి బరువైనది. ‘అదనపు ప్రతి’ అంటే విషయం తేటగా తెలుస్తుంది, నింద ధ్వనించదు. ‘వాహకురాలు’ అన్న పదం కూడా జాగ్రత్తగా వాడవలసినదే. అంటువ్యాధిని మోసుకువచ్చే వ్యక్తికీ ఇదే పదం వాడుకలో ఉండడం వల్ల, తల్లి రోగాన్ని అంటించిందన్న అపార్థానికి తావిస్తుంది. ‘ఆమెలో అదనపు ప్రతి ఉంది, ఆమెకు అది హాని చేయలేదు’ అని వాక్యంగా చెప్పడం మేలు.

11. ముగింపు

మెక్‌పి-2 ద్విగుణీకరణం అరుదైనదే అయినా, ఎక్స్ ద్వారా సంక్రమించే ఇతర వ్యాధులకు కూడా ఈ చర్చలోని సూత్రాలు వర్తిస్తాయి. అవి మూడు: ఇంటిపేరును కాక తల్లుల వరుసను అనుసరించి వంశవృక్షం గీయాలి. వరస పేరు విన్నప్పుడు ఆ వ్యక్తి ఎవరి తోబుట్టువో అడగాలి. మేనరికంపై సహేతుకమైన హెచ్చరికను, మేనరికంపై నెపం వేసే అలవాటును వేరుచేయాలి. బంధుత్వ పదాలు, కుటుంబ వృత్తాంతాలు, ఊరూరా వినిపించే అమ్మమ్మల కథనాలు ఇప్పటివరకు సాహిత్య, సామాజిక పరిశోధనలకే సామగ్రిగా ఉన్నాయి. ‘మా అమ్మ తమ్ముడొకడు మాటలు రాకుండానే పోయాడట’ అన్న ఒక్క వాక్యం, అడిగేవారికి దాని విలువ తెలిసినపుడు, రాబోయే తరంలో ఒక ఆడపిల్లకు ముందుజాగ్రత్తగా ఉపయోగపడుతుంది. ఆ వాక్యాన్ని సరిగా విని, సరైన పదంతో నమోదు చేయడంలో తెలుగు పరిశోధకులకు చేయవలసిన పని ఉంది.